పాత డర్ట్ బైక్ ఫోర్కులు: సీలు మార్చే ముందు బుష్ చూడాలి

ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు మింగే రెండు కాళ్లలో ఏదైనా కారుతోందంటే చాలామంది రెండు ఆయిల్ సీళ్లు తెచ్చి, పాతవి పీకి, కొత్తవి కొట్టి, ఆయిల్ పోసి మూసేస్తారు. పాతికేళ్లు దాటిన డర్ట్ బైక్‌లో ఆ రిపేరు నాలుగు రైడ్లు కూడా నిలవదు. సీలు పెదవి మెత్తటి రబ్బరు. దాని మధ్యగా ఆడే పైపు నున్నగా, వంకర లేకుండా, సరిగ్గా నడిమధ్యలో ఉంటేనే అది ఆయిల్‌ని ఆపగలుగుతుంది. పైపును నడిమధ్యలో నిలిపేవి బుష్‌లు. అవి అరిగాక పైపు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఊగినప్పుడల్లా సీలు పెదవి ఒక పక్క నలుగుతుంది, రెండో పక్క తెరుచుకుంటుంది. అక్కడ ఎంత మంచి సీలు పెట్టినా మళ్లీ కారుతుంది. అందుకే ఈ పోస్టులో సీలు కంటే బుష్, పైపు, ఆయిల్ మట్టం గురించే ఎక్కువ ఉంటుంది.

ఇక్కడ చెప్పేదంతా డ్యాంపర్ రాడ్ ఫోర్కుల సంగతి. 1970లు, 80ల డర్ట్ బైకుల్లో ఎక్కువగా ఉండేవి ఇవే. మెరిసే క్రోమ్ పైపు పైన క్లాంపుల్లో ఉండి, అల్యూమినియం బాటమ్ కేస్ కింద యాక్సిల్‌ని పట్టుకుని ఉంటే అది మామూలు ఫోర్కు. లావు గొట్టం పైన, క్రోమ్ పైపు కింద ఉంటే తలకిందుల ఫోర్కు. వాటిలో సాధారణంగా కార్ట్రిడ్జ్, అంటే ఆయిల్ పట్టుని అదుపుచేసే విడి యూనిట్, ఉంటుంది. విప్పే వరుస, గాలి తీసే పద్ధతి వేరు. 80ల చివర్లో కొన్ని మామూలు ఫోర్కుల్లోకి కూడా కార్ట్రిడ్జ్ వచ్చింది. అనుమానంగా ఉంటే పై క్యాప్ విప్పి చూడండి. క్యాప్ ఒక సన్నని రాడ్‌కి లాక్‌నట్‌తో బిగించి ఉంటే కార్ట్రిడ్జ్. క్యాప్ విడిగా చేతికొచ్చి, దాని కింద స్పేసర్, వాషర్, స్ప్రింగు కనిపిస్తే డ్యాంపర్ రాడ్.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే విప్పేటప్పుడు ఏ ముక్క ఎందుకో అర్థమవుతుంది. డ్యాంపర్ రాడ్ ఒక బోలు గొట్టం. బాటమ్ కేస్ అడుగున అలెన్ బోల్టుతో బిగించి నిలబెట్టి ఉంటుంది. దాని తల చుట్టూ ఉన్న రింగు ఫోర్క్ పైపు లోపలి గోడను ఆనుకుంటుంది. ఫోర్కు అణిగినప్పుడు ఆయిల్ రాడ్ అడుగున ఉన్న పెద్ద రంధ్రాల్లోంచి లోపలికి దూరి పైకి పోతుంది. తిరిగి లేచేటప్పుడు రాడ్ తలకీ పైపు అడుగుకీ మధ్య చిక్కిన ఆయిల్, రాడ్ పైభాగాన ఉన్న సన్న రంధ్రాల్లోంచి పిండుకుని బయటపడుతుంది. రంధ్రాల సైజు మారదు గనక వేగం రెట్టింపైతే ఎదురొత్తిడి దాదాపు నాలుగు రెట్లవుతుంది. బ్రేకు పట్టగానే ముందు భాగం వాలిపోవడం, అదే ఫోర్కు రాయి అంచుని తాకితే చేతులకి సుత్తి దెబ్బలా తెలియడం, రెండూ ఈ కారణంగానే. ఎంత శ్రద్ధగా రిపేరు చేసినా ఈ గుణం పోదు, తగ్గించుకోవచ్చు అంతే.

విప్పకముందే

బైక్‌ని స్టాండు మీద పెట్టి ముందు చక్రం నేలకి తగలకుండా లేపండి. రెండు బాటమ్ కేసుల్నీ చక్రం దగ్గర పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి తొయ్యండి. టక్ టక్‌మని ఆట తెలిస్తే అది స్టీరింగ్ బేరింగుదా, బుష్‌దా తేల్చుకోవాలి. ఇంకొకరిని లాగమని, పైపూ డస్ట్ సీలూ (ఆయిల్ సీలు పైన దుమ్ముని ఆపే సీలు) కలిసేచోట వేలు ఆనించి చూడండి. అక్కడ కదలిక తెలిస్తే బుష్. కింది క్లాంపుకీ ఫ్రేముకీ మధ్య తెలిస్తే బేరింగు. ఫోర్కు పూర్తిగా సాగి ఉన్నప్పుడే రెండు బుష్‌లూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, కాబట్టి అరుగుదల అప్పుడే బాగా బయటపడుతుంది. చక్రం నేల మీద ఉండగా చూస్తే సగం మోసపోతాం.

80ల తొలినాళ్ల బైకులు చాలావాటికి క్యాప్ మీద టైరు వాల్వులాంటి గాలి వాల్వు ఉంటుంది. పానా పెట్టకముందే దాని పిన్ను నొక్కి గాలంతా వదలాలి. తర్వాత పైపు కొన పై క్లాంపు మీద ఎంత ఎత్తుకి వచ్చిందో స్కేలుతో కొలిచి రాసుకోండి.

ఇప్పుడు రెండు పనులు ఫోర్కు బైక్ మీద ఉండగానే చెయ్యాలి. మొదటిది, పై క్లాంపు బోల్టులు వదులు చేసి క్యాప్‌ని పావు తిప్పు సడలించడం. పై క్లాంపు బిగించి ఉండగా క్యాప్ తిప్పితే పైపు నొక్కుకుపోయి మరలు పట్టేస్తాయి. ఫోర్కు బయటికి తీశాక తిప్పుదామంటే పైపుని వైస్‌లో పట్టాల్సొస్తుంది, క్రోమ్ పాడవుతుంది. రెండోది, బాటమ్ కేస్ అడుగున ఉన్న అలెన్ బోల్టుని అర తిప్పు వదులు చేసి మళ్లీ చేత్తో బిగించడం. లోపల స్ప్రింగు డ్యాంపర్ రాడ్‌ని అదిమిపెట్టి ఉంచుతుంది కాబట్టి ఇప్పుడైతే రాడ్ తిరగకుండా బోల్టు వదులుతుంది. యాక్సిల్ అడ్డమొచ్చే ఫోర్కుల్లో చక్రం తీశాకే కీ దూరుతుంది. అలాంటప్పుడు ఒకరు బాటమ్ కేస్‌ని పైకి గట్టిగా నొక్కి పట్టుకుంటే చాలు. ఈ రెండో పని మర్చిపోయినవాళ్లే తర్వాత గంటలకొద్దీ ఆ బోల్టుతో కుస్తీ పడతారు.

డిస్క్ బ్రేకైతే కాలిపర్‌ని గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టి, ప్యాడ్ల మధ్య సన్న చెక్కముక్క పెట్టండి. కింది క్లాంపు వదిలాక పైపుని మెలితిప్పుతూ కిందికి లాగాలి. తుప్పుకి పట్టేస్తే చొచ్చుకుపోయే నూనె కొట్టి కాసేపు ఆగడమే మంచిది. క్లాంపు సందులో ఉలి పెట్టి విడదీస్తే అల్యూమినియం చీలుతుంది.

విప్పడం

క్యాప్ చివరి మరల దగ్గర స్ప్రింగు దాన్ని పైకి తంతుంది. మందపాటి గుడ్డ కప్పి, అరచేత్తో కిందికి నొక్కుతూ, ముఖం పక్కకి పెట్టి తిప్పండి. లోపల ఉన్న స్పేసర్, వాషర్, స్ప్రింగు బయటికి తీసిన వరుసలోనే న్యూస్‌పేపర్ మీద పరవండి. స్ప్రింగు చుట్లు ఒక చివర దగ్గరదగ్గరగా ఉంటే ఆ చివర పైకి ఉందా కిందికి ఉందా రాసుకోండి. ఒక ఫోర్కు పూర్తయ్యేదాకా రెండోది విప్పకపోతే, సందేహం వచ్చినప్పుడు చూసుకోవడానికి ఒక నమూనా ఉంటుంది. రెండు కాళ్ల ముక్కలు కలిసిపోవు కూడా.

ఆయిల్‌ని తెల్లటి డబ్బాలోకి వంచి, పైపుని పది పన్నెండు సార్లు ఆడించి మిగిలింది కూడా కార్చండి. ఆ ఆయిల్‌ని పారబోసే ముందు వెలుతురులో చూడండి. వెండి రంగు మెరుపు ఉంటే అల్యూమినియం అరుగుతోంది, అంటే బుష్ పూత పోయి లోహం లోహాన్ని రాస్తోంది. పాలలా ఉంటే నీళ్లు చేరాయి. పైపు లోపలి గోడ, స్ప్రింగు తుప్పు పట్టాయేమో చూడాలి. నల్లటి బురదలా ఉంటే ఏళ్లతరబడి మార్చలేదని.

ఇక అలెన్ బోల్టు. ముందే సడలించి ఉంటే ఇప్పుడు సులువుగా వస్తుంది. అలా చేయకపోతే బోల్టుతోపాటు రాడ్ కూడా తిరుగుతూ ఉంటుంది. క్యాప్, స్ప్రింగు మళ్లీ పెట్టి, ఫోర్కుని నేలకి అదిమి ప్రయత్నించండి. ఇంపాక్ట్ గన్ ఉంటే దాని ఒక్క కుదుపుకి సాధారణంగా వచ్చేస్తుంది. అదీ లేకపోతే రాడ్ తల లోపలికి చూడండి. చాలా ఫోర్కుల్లో అక్కడ షట్కోణ గుంట ఉంటుంది. దానికి సరిపోయే బోల్టు తలని పొడవాటి రాడ్ చివర రెండు నట్లతో బిగించి లోపలికి దించి పట్టుకోవచ్చు. గుండ్రటి గుంట అయితే చీపురుకర్ర కొనని సన్నగా చెక్కి, లోపలికి దించి సుత్తితో గట్టిగా కొడితే అది బిగుసుకుని రాడ్‌ని ఆపుతుంది. తర్వాత లోపల చెక్క పేళ్లు మిగలకుండా కడగాలి. అలెన్ గుంట అరిగిపోతే బోల్టు తలని డ్రిల్‌తో తీసేయడమే మార్గం. కొత్త బోల్టు తేవాల్సొస్తుంది గానీ బాటమ్ కేస్ మిగులుతుంది.

డస్ట్ సీలుని చదునైన స్క్రూడ్రైవర్‌తో చుట్టూ కొంచెం కొంచెంగా లేపండి. ఒకేచోట ఎత్తితే అల్యూమినియం అంచు సొట్టపోతుంది. దాని కింద సర్‌క్లిప్, అంటే ఆయిల్ సీలుని గాడిలో ఆపే తీగ రింగు, ఉంటుంది, నీళ్లు నిలిచేది అక్కడే గనక తుప్పు పట్టి ఉంటుంది. సర్‌క్లిప్ తీయకుండా తర్వాతి అడుగు వెయ్యకండి.

పైపుకి, బాటమ్ కేస్‌కి విడిగా బుష్‌లున్న ఫోర్కుల్లో పైపుని లోపలికి నెట్టి ఒక్కసారిగా బయటికి లాగాలి. పైపు అడుగున ఉన్న బుష్, బాటమ్ కేస్‌లోని బుష్‌ని తన్ని, దాని మీద ఉన్న వాషర్‌నీ సీలునీ పైకి తోస్తుంది. ఐదారు కుదుపులకి వచ్చేస్తుంది. మొండికేస్తే మెడ చుట్టూ వేడిగాలి గన్ను పట్టండి లేదా మరిగే నీళ్లు పోయండి. అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. మంట మాత్రం వద్దు. లోపల ఆయిల్ ఉంది, అల్యూమినియం బలం కూడా పోతుంది. 70ల బైకులు కొన్నిటికి విడి బుష్‌లే ఉండవు. పైపు నేరుగా వచ్చేస్తుంది, సీలు బాటమ్ కేస్‌లోనే ఉండిపోతుంది. దాన్ని టైరు లీవరుతో లేపేటప్పుడు అంచు మీద మడతపెట్టిన గుడ్డో, చెక్కముక్కో ఆన్చండి. అలాంటి ఫోర్కులో పైపుకీ బాటమ్ కేస్‌కీ మధ్య ఆట ఎక్కువైతే బుష్ మార్చే వీలు లేదు. బాటమ్ కేస్‌ని బోర్ చేయించి బుష్ వేయించాలి, లేదా బాటమ్ కేస్ మార్చాలి.

బాటమ్ కేస్‌ని తిరగేస్తే అడుగునుంచి ఒక చిన్న ఏటవాలు ముక్క జారి పడుతుంది. అది ఆయిల్ లాక్ పీస్. ఫోర్కు పూర్తిగా అణిగినప్పుడు చివరి కొద్ది మిల్లీమీటర్లలో ఆయిల్‌ని బంధించి ఇనుము ఇనుముని తాకకుండా ఆపుతుంది. డ్యాంపర్ రాడ్ తల కింద ఉండే పొట్టి స్ప్రింగు, ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు దెబ్బ తగలకుండా చూస్తుంది. ఈ రెండూ ఎటు తిరిగి ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకోండి. బెంచి మీద మర్చిపోయేవి ఎక్కువగా ఇవే.

పైపు, బుష్‌లు

అన్నిటినీ కిరోసిన్‌లో కడిగి, నూలుపోగులు రాలని గుడ్డతో తుడిచి, చివర బ్రేక్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. బాటమ్ కేస్ అడుగున పేరుకున్న బురద మామూలుగా పోదు, కర్రకి గుడ్డ చుట్టి తోమాలి. డ్యాంపర్ రాడ్ రంధ్రాలు గాలితో ఊదండి. తీగ పెట్టి కెలికితే సైజు మారుతుంది, ఈ ఫోర్కు డ్యాంపింగ్, అంటే కదలికకి ఆయిల్ ఇచ్చే పట్టు, ఆ సైజు మీదే ఉంటుంది.

పైపు వంకర చూడాలంటే వీ-బ్లాకుల మీద పెట్టి మధ్యలో డయల్ గేజ్ ఆనించి తిప్పాలి. సూది మొత్తం కదలికలో సగమే అసలు వంకర. చాలా జపాన్ కంపెనీల మాన్యువళ్లలో పరిమితి 0.2 మి.మీ. గేజ్ లేకపోతే మందపాటి అద్దం మీద దొర్లించి, కింద వెలుతురు సందు కనబడుతుందేమో చూడండి. పైపులు ఎక్కువగా వంగేది కింది క్లాంపుకి సరిగ్గా కింద. ప్రెస్‌లో పెట్టి సరిచేసేవాళ్లున్నారు గానీ వంగిన పైపుని సరిచేయొద్దని మాన్యువళ్లు హెచ్చరిస్తాయి. ముందు చక్రాన్ని మోసే పైపు విషయంలో ఆ హెచ్చరికని పాటించడమే సరైనది. ముడత పడ్డా, క్రోమ్ మీద పగుళ్లు కనిపించినా ఇక ఆలోచించక్కర్లేదు, మార్చాలి.

తర్వాత క్రోమ్. సీలు ప్రయాణించే మేర మొత్తం గోరు మెల్లగా ఆడించండి, ఆపై దూదితో తుడవండి. దూది పీచు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ గుంటో గీతో ఉంది. క్లాంపుల మధ్య ఉండే భాగంలో తుప్పుంటే పర్వాలేదు, సీలు దాకా రాదు. పైపుని క్లాంపులో తిప్పి బిగిస్తే గుంట పక్కకి పోతుంది కదా అనుకుంటారు. సీలు చుట్టూతా ఉంటుంది కాబట్టి లాభం లేదు. గుండుసూది తలంత గుంటలు ఒకటి రెండు ఉంటే, తుప్పు గీకి, ఎసిటోన్‌తో తుడిచి, ఎపాక్సీ నింపి, పూర్తిగా గట్టిపడ్డాక బ్లేడుతో సమంగా కోసి, 1000, ఆ తర్వాత 2000 నంబరు నీటి ఎమరీ పేపరుతో నునుపు చేయొచ్చు. ఎమరీ ఎప్పుడూ పైపు చుట్టూ అడ్డంగా తిప్పాలి. పొడవునా రుద్దితే ప్రతి గీతా ఆయిల్ బయటికొచ్చే కాలువవుతుంది. క్రోమ్ పొరలుగా లేస్తుంటే, గుంటలు గుంపుగా ఉంటే ఈ అతుకులు నిలవవు. పైపుని సానబట్టించి హార్డ్ క్రోమ్ వేయించి, మళ్లీ అసలు కొలతకి గ్రైండ్ చేయించాలి.

బుష్‌ల లోహం మీద బూడిద రంగు టెఫ్లాన్ పూత ఉంటుంది. పైపు మీది బుష్‌కి బయటి ముఖం, బాటమ్ కేస్ బుష్‌కి లోపలి ముఖం చూడండి. పూత అరిగి రాగి రంగు బయటపడుతుంది. ముఖంలో ముప్పాతిక వంతు కంటే ఎక్కువ రాగి కనిపిస్తే మార్చాలని హోండా మాన్యువళ్ల లెక్క. ఫోర్కు విప్పడమే పెద్ద పని కనుక పావు వంతు రాగి కనిపించినా మార్చేయడం మేలు. అరుగుదల అంతటా సమానంగా ఉండదు. బ్రేకు, గుంటల దెబ్బలన్నీ ముందు వెనక దిశలోనే పడతాయి గనక ఆ రెండు వైపులే ముందు పోతాయి. ఒక్కచోట మాత్రమే పచ్చిగా అరిగి ఉంటే పైపు వంకరని ఇంకోసారి కొలవండి. పైపు మీది బుష్‌కి చీలిక ఉంటుంది, అందులో చదునైన స్క్రూడ్రైవర్ పెట్టి దాటేంత మాత్రమే తెరవాలి. ఎక్కువ విడదీస్తే మళ్లీ గుండ్రంగా కూర్చోదు. బాటమ్ కేస్ బుష్‌కీ సీలుకీ మధ్య ఉండే వాషర్ అంచు వంగితే అదీ మార్చాలి.

స్ప్రింగుల పొడవు కొలిచి మాన్యువల్‌లోని కనీస కొలతతో పోల్చండి. రెండూ ఒకదానికొకటి సమానంగా ఉన్నాయో లేదో కూడా చూడాలి. ఒకటి కుంగిపోతే జతగానే మార్చాలి. డ్యాంపర్ రాడ్ తల రింగు విరిగినా, అరిగినా ఫోర్కు తిరిగి లేచేటప్పుడు పట్టు ఉండదు, స్ప్రింగులా ఎగురుతుంది. క్యాప్ ఓ-రింగ్, అడుగు బోల్టు రాగి వాషర్ ఎలాగూ కొత్తవే వేయాలి. రాగి వాషర్ దొరక్కపోతే పాతదాన్ని మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లార్చితే మళ్లీ మెత్తబడుతుంది.

బిగింపు

పొట్టి స్ప్రింగు రాడ్‌కి తొడిగి, రాడ్‌ని పైపు పైనుంచి జారవిడవండి. కింద బయటికొచ్చిన కొనకి ఆయిల్ లాక్ పీస్ తొడిగి, మొత్తాన్ని బాటమ్ కేస్‌లోకి దించండి. అడుగు బోల్టు మరలకి ఆయిల్ లేకుండా తుడిచి, మధ్యరకం లోక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి, రాగి వాషర్‌తో ఎక్కించండి. స్ప్రింగు, క్యాప్ తాత్కాలికంగా పెట్టి నొక్కి పట్టుకుంటే రాడ్ తిరగదు. చాలా ఫోర్కుల్లో 8 మి.మీ. బోల్టుకి 20 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల టార్క్ ఉంటుంది; మీ మోడల్ మాన్యువల్ అంకెనే పాటించండి. బిగించాక పైపు పైకీ కిందికీ ఎక్కడా పట్టకుండా జారాలి. పట్టేస్తుంటే రాడ్ మధ్యలో కూర్చోలేదు, బోల్టు వదిలి, పైపు ఆడించి, మళ్లీ బిగించండి.

తర్వాత బాటమ్ కేస్ బుష్. దానికి ఫోర్క్ ఆయిల్ పూసి, పైన వాషర్ పెట్టి, సీలు డ్రైవరుతో చుట్టూ సమంగా కొట్టాలి. డ్రైవరు లేకపోతే పైపు బయటి కొలతకంటే కొంచెం పెద్దదైన పీవీసీ గొట్టం, కొన చదరంగా కోసి, అంచున మిగిలిన పేళ్లు గీకి వాడొచ్చు. పాత సీలుని కొత్తదాని మీద పెట్టి కొడితే కొత్తదాని ముఖం దెబ్బతినదు.

సీలు ఎక్కించేటప్పుడు పైపు కొన మీద సన్నని ప్లాస్టిక్ సంచి తొడిగి ఆయిల్ పూయండి. పైపు పై అంచు కత్తిలా ఉంటుంది. కొత్త సీళ్లు మొదటి రోజే కారడానికి ఎక్కువసార్లు ఆ అంచు చేసిన కోతే కారణం. సీలు నంబరు ఉన్న ముఖం పైకి, సన్న స్ప్రింగు కనిపించే ముఖం కిందికి, ఆయిల్ వైపు ఉండాలి. పెదవుల మధ్య రబ్బరుకి పడే గ్రీజు పల్చగా నింపండి. సర్‌క్లిప్ గాడి చుట్టూతా పూర్తిగా కనిపించేదాకా కొట్టాలి. ఒకవైపు సగం కనిపిస్తే సీలు వాలి కూర్చుంది. సర్‌క్లిప్ గాడిలో తిరుగుతోందో లేదో వేలితో చూసి, అప్పుడు డస్ట్ సీలు. విడి బుష్‌లు లేని పాత ఫోర్కులో మాత్రం సీలుని ముందే బాటమ్ కేస్‌లో కొట్టి, ఆ తర్వాత పైపుని దించాలి.

ఆయిల్

డబ్బా మీద 5డబ్ల్యూ, 10డబ్ల్యూ అని ఉన్నది ఫోర్క్ ఆయిల్ విషయంలో నమ్మదగ్గ కొలత కాదు. ఒక కంపెనీ 5డబ్ల్యూ, ఇంకో కంపెనీ 5డబ్ల్యూ చిక్కదనంలో బాగా తేడాగా ఉంటాయి. 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలమానం) ఎంతో డేటా షీట్‌లో చూసి పోల్చుకోవాలి. మామూలు 10డబ్ల్యూ ఆయిళ్లు 30 సెంటీస్టోక్స్ దాటిన చోట ఉంటాయి. డెక్స్‌రాన్ రకం గేరు ఆయిల్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సు ద్రవం, దానికి దగ్గర్లోనే ఉంటుంది. పాత మాన్యువళ్లు కొన్ని దాన్నే చెప్పాయి. ఫోర్కు వాలిపోతోందని చిక్కటి ఆయిల్ పోయడం అందరూ చేసే పని. దానితో రాళ్ల మీద దెబ్బ ఇంకా గట్టిగా తెలుస్తుంది, ఫోర్కు లేవడం నెమ్మదించి వరస గుంటల్లో కిందకే ఉండిపోతుంది. వాలిపోతున్న ఫోర్కుకి ముందు చూడాల్సింది స్ప్రింగు బలం.

ఎన్ని సీసీలు పోయాలో మాన్యువల్ చెబుతుంది, అయినా చివరి మాట మట్టానిదే. కడిగి ఆరబెట్టిన ఫోర్కుకి మామూలు ఆయిల్ మార్పు కంటే ఎక్కువ పడుతుంది, సీసీల లెక్క అక్కడే తప్పుతుంది. స్ప్రింగు లేకుండా ఆయిల్ పోసి, పైపుని నెమ్మదిగా పది పదిహేను సార్లు పైకీ కిందికీ ఆడించండి. గుటకలు మింగే చప్పుడు పోయి, అంతటా ఒకే బరువు తెలియాలి. పది నిమిషాలు నిటారుగా వదిలేస్తే బుడగలు పైకొస్తాయి. అప్పుడు ఫోర్కుని పూర్తిగా అణచి, పైపు పై అంచునుంచి ఆయిల్ దాకా ఎంత ఖాళీ ఉందో కొలవండి. కొంచెం ఎక్కువ పోసి, సిరంజికి సన్న గొట్టం కట్టి, గొట్టాన్ని కావలసిన లోతులో ఆపి పైనున్నదాన్ని పీల్చేస్తే రెండు కాళ్లలోనూ మిల్లీమీటరు తేడా లేకుండా వస్తుంది.

ఆ ఖాళీ ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క. పైపు బయటి కొలత 41 మి.మీ., లోపలిది 36, ఫోర్కు ప్రయాణం 250 మి.మీ. అనుకుందాం. స్ప్రింగు ఆక్రమించే చోటు పక్కన పెడదాం. పైపులో 10 మి.మీ. ఎత్తు ఆయిల్ అంటే దాదాపు 10 సీసీ. ఖాళీ 150 మి.మీ. నుంచి 130కి తగ్గిస్తే, అంటే కాలికి 20 సీసీ అదనంగా పోస్తే, సగం అణిగినప్పుడు రెండు కాళ్లూ కలిపి పెరిగే ఎదురు బలం సుమారు ఒక కిలో. పూర్తిగా అణిగినప్పుడు అదే తొమ్మిది కిలోలు. కాబట్టి ఫోర్కు మామూలు దారిలో బాగుండి, దూకినప్పుడు మాత్రం అడుగు తగులుతుంటే 10 మి.మీ. చొప్పున ఆయిల్ పెంచి చూడండి. దారంతా మెత్తగా కుంగి ఉంటే ఆయిల్ మట్టంతో అది బాగుపడదు. మరీ పెంచితే చివర్లో గాలి ఒత్తిడే సీలుని తోసేస్తుంది. గాలి వాల్వున్న ఫోర్కుల్లో మాన్యువల్ గరిష్ఠాన్ని దాటకండి, చేతి పంపుతోనే కొట్టండి. లోపల చోటు చాలా తక్కువ, కంప్రెసర్ గొట్టం ఒక్క క్షణం పెడితే సీళ్లు లేచిపోతాయి.

స్పేసర్ పొడవుతో స్ప్రింగు గట్టిపడదు, బైక్ ముందుభాగం ఎత్తు మాత్రమే మారుతుంది. రైడర్ పూర్తి సామగ్రితో కూర్చున్నప్పుడు ముందు ఫోర్కు మొత్తం ప్రయాణంలో పావు వంతు దగ్గర కుంగాలి. దాన్ని రాబట్టడానికి స్పేసర్ చాలా పొడవు పెట్టాల్సొస్తే స్ప్రింగు రైడర్ బరువుకి తక్కువదని అర్థం.

రాడ్ తల మీద కూర్చునే ఎమ్యులేటర్ వాల్వులు దొరుకుతాయి. అవి వేయాలంటే రాడ్ అడుగు రంధ్రాలు డ్రిల్‌తో పెద్దవి చేసి, సంఖ్య పెంచాలి. అణిగేటప్పటి పట్టు ఇక వాల్వు చూసుకుంటుంది. ఆయిల్ చిక్కదనం తిరిగి లేచే వేగాన్ని బట్టి ఎంచుకోవచ్చు. రాళ్ల దెబ్బ నిజంగా తగ్గేది దీంతోనే. కాకపోతే అరిగిన బుష్‌ల మీద ఇది వేస్తే డబ్బు దండగ.

తిరిగి బైక్ మీద

రాసుకున్న ఎత్తుకి పైపు పెట్టి, కింది క్లాంపు బిగించి, క్యాప్ పూర్తి టార్క్‌కి బిగించి, చివర పై క్లాంపు. క్యాప్ మరలు సన్నవి. స్ప్రింగుని నొక్కుతూ ముందు ఎడమకి తిప్పి, టిక్‌మని మర దిగాక కుడికి తిప్పితే అడ్డంగా ఎక్కదు. క్లాంపు బోల్టుల్ని పొడవాటి పానాతో లాగకండి, పైపు కోడిగుడ్డు ఆకారానికి నొక్కుకుంటుంది.

యాక్సిల్ నట్టు బిగించాక, యాక్సిల్‌ని కాలికి పట్టే పించ్ బోల్టులు వదులుగానే ఉంచి, బైక్ దించి, ముందు బ్రేకు పట్టి ఫోర్కుని ఐదారు సార్లు బలంగా అణచండి. కాళ్లు రెండూ సమాంతరంగా తమ చోటు వెతుక్కుంటాయి. అప్పుడు పించ్ బోల్టులు. యాక్సిల్‌ని పట్టే హోల్డర్ మీద పైకి బాణం గుర్తుంటే పై నట్లు ముందు పూర్తిగా, తర్వాత కిందివి. కింద సన్న సందు మిగలడం సహజం. ఈ అణచడం వదిలేస్తే కాళ్లు మెలితిరిగి ఉండి ఫోర్కు పట్టిపట్టి కదులుతుంది, కొత్త బుష్ పూత కూడా ఒకవైపే గీసుకుపోతుంది.

మళ్లీ కారితే

మొదటి రోజు పైపు మీద సన్న తడి చుట్టులా కనిపిస్తే అది బిగించేటప్పుడు పూసిన గ్రీజే. తుడిచేయండి. రెండో రైడ్‌కీ వస్తే సీలు కింద ఏదో చిక్కింది: డస్ట్ సీలుని పైకి జరిపి, పాత కెమెరా ఫిల్ము ముక్కని కొక్కెంలా కోసి పెదవి కిందికి దూర్చి చుట్టూ తిప్పితే ఇసుక రేణువు బయటికొస్తుంది. ఒక్కసారిగా ధారగా కారితే పెదవి కోసుకుపోయింది లేదా సీలు తలకిందులుగా ఉంది. కొన్ని రైడ్ల తర్వాత మెల్లగా మొదలైతే పైపుని మళ్లీ దూదితో తుడిచి చూడండి. అడుగునుంచి చుక్కలు పడుతుంటే రాగి వాషరే. పూర్తిగా సాగినప్పుడు ఠంగుమంటే పొట్టి స్ప్రింగు, పూర్తిగా అణిగినప్పుడు ఠంగుమంటే ఆయిల్ లాక్ పీస్.

కొత్త బుష్‌లు కుదురుకునేటప్పుడు పూత పొడి ఆయిల్‌లో కలుస్తుంది. కాబట్టి మొదటి పది గంటల రైడింగ్ తర్వాత ఒకసారి ఆయిల్ మార్చండి. ఆ తీసిన ఆయిల్‌ని కూడా తెల్ల డబ్బాలో చూడండి: ఈసారి బూడిద రంగు ఉండొచ్చు, వెండి మెరుపు మాత్రం ఉండకూడదు.